గాలిలో ఒకసారి, ఇనుములో ఒకసారి



పాలకొండ, రాజాం, టెక్కలి, చీపురుపల్లి – ఏ వైపు పల్లె సంఘానికి వెళ్ళినా ఆదివారం ఆరాధనలో యౌవనస్థులు కూర్చునే చాప సగం ఖాళీగానే కనబడుతుంది. పండుగకు నిండుతుంది, పండుగ దాటగానే మరల ఖాళీ. ఆ బిడ్డలు విశాఖ ఆటోనగర్‌లోనో, హైదరాబాదులోని బాలానగర్, జీడిమెట్లలలోనో, చెన్నై అంబత్తూరులోనో, హోసూరులోనో షిఫ్టులు చేస్తూ ఉంటారు. వారిలో ఐ.టి.ఐ., డిప్లొమా చదివిన కొందరు సి.ఎన్.సి. మిషన్ల దగ్గర ఆపరేటర్లుగా చేరి, పని నేర్చుకొని, ప్రోగ్రామర్లయ్యారు. ఈ నెల వారి పనిని గురించి, మరి ముఖ్యంగా వారి వింత అలవాట్లను గురించి వ్రాయాలనుకుంటున్నాను.

ఎందుకంటే ఆ అలవాట్లు వారితో పాటు ఇంటికి కూడా వస్తున్నాయి. సంక్రాంతికి కొడుకు వచ్చి వెళ్ళిన తరువాత ఒక తల్లి నన్ను ఇలా అడిగింది: “అయ్యగారూ, మా గుంటడికి చాదస్తం ఏటైనా పట్టిందేటండీ? గేసు కట్టేసి మళ్ళీ వెళ్ళి చూస్తాడు. తాళం వేసి మూడుసార్లు లాగుతాడు. గోడకి మేకు కొట్టమంటే ముందు సుత్తి గాల్లో రెండుసార్లు ఆడించి, అప్పుడు కొడతాడు. పనికి దిగితే చాలు, చేతి ఉంగరం తీసి జేబులో ఎట్టుకుంటాడు.”

అతనికి చాదస్తం పట్టలేదమ్మా, పని పట్టుబడింది అని చెప్పాను. ఆ జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

మన జిల్లాలోనే చూడండి. పొందూరులో ఖద్దరు నూలు వడికే స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. మొదటిసారి చూసినవారు ఇదేమి ఆచారమని అనుకుంటారు. ఆ దవడకు ఉండే సన్నని, దగ్గర దగ్గర పళ్ళు పత్తిలోని నలుసును తీసి పోగును సాపు చేస్తాయి. అందువల్లనే అంత సన్నని నూలు సాధ్యమవుతున్నది. చూపుకు వింత, లోపల కారణం. మిషను దగ్గర మన బిడ్డలు చేసే పనులు కూడా చాలావరకు ఇటువంటివే.

అంకెల మీద నడిచే మిషను

మన ఊరి కమ్మరి సుత్తిని తన చేతితోనే ఎత్తుతాడు. వడ్రంగి ఉలిని తన చేతితోనే నెట్టుతాడు. దెబ్బ తప్పుతున్నదని చేతికి తెలియగానే చెయ్యి ఆగుతుంది. సి.ఎన్.సి. మిషనులో పనిముట్టు మనిషి చేతిలో ఉండదు. ఎంత దూరం వెళ్ళాలి, ఎంత వేగంతో వెళ్ళాలి, ఎంత లోతు కోయాలి అన్నది అంకెలలో వ్రాసి ఇస్తే మిషను దాని ప్రకారం నడుస్తుంది. వ్రాసింది తప్పయితే తప్పుగానే, అంతే వేగంతో నడుస్తుంది. దానికి జాలి లేదు, అనుమానం లేదు.

ఈ పద్ధతికి మొదలు అమెరికాలో జరిగింది. 1940ల చివరిలో మిచిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కల పని చేస్తూ, వంపును అంకెలుగా మార్చి మిషనుకు అందించే ఆలోచన చేశాడు. 1952లో ఎం.ఐ.టి. విద్యాసంస్థవారు చిల్లులు పొడిచిన కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ మిషనును చేసి చూపించారు. తరువాత టేపు స్థానంలో కంప్యూటరు వచ్చింది. ఇప్పుడు క్లిష్టమైన పనులకు ప్రోగ్రామును చేతితో వ్రాయడం తగ్గిపోయింది. వస్తువు బొమ్మను కంప్యూటరులో పెట్టి, టూలు నడవవలసిన దారిని కామ్ సాఫ్ట్‌వేరు చేత గీయిస్తారు. మాస్టర్‌కామ్, పవర్‌మిల్, ఎన్.ఎక్స్. అనే పేర్లు మీ బిడ్డల నోట వినే ఉంటారు. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో స్థాపించబడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి చోట్ల ఈ చదువు చెప్తారు.

సాఫ్ట్‌వేరు గీసిన దారిని మిషనుకు అర్థమయ్యే భాషలోకి మార్చడానికి పోస్ట్ ప్రాసెసర్ అనేది ఒకటి ఉంటుంది. మన కూటములలో బయటి దేశపు ప్రసంగీకుని ప్రక్కన నిలబడే తర్జుమాదారుని వంటిదన్నమాట. తర్జుమాదారుడు ఒక మాట తప్పితే ప్రసంగం ఎటు పోతుందో మీకు తెలియనిది కాదు. అందుకే అనుభవమున్న ప్రోగ్రామరు, సాఫ్ట్‌వేరు ఎంత ఖరీదైనదైనా సరే, వచ్చిన ప్రోగ్రాము మొదటి వరుసలూ చివరి వరుసలూ కంటితో చదవకుండా మిషనుకు పంపడు. నడుమ పది వేల వరుసలున్నా మొదలూ తుదీ చూడవలసిందే. టూలు దిగేదీ పైకి లేచేదీ అక్కడే గనుక.

తుడిచి మొదలుపెట్టడం

చాలామంది ప్రోగ్రాములలో మొదటి వరుస ఎప్పుడూ ఒకటే: జి17, జి40, జి49, జి80, జి90. క్రొత్తగా చేరిన కుర్రవాడికి ఇది మంత్రంలాగా వినబడుతుంది. జి40 అంటే ఇంతకు ముందు టూలు మందానికి ఇచ్చిన సవరణ రద్దు. జి49 అంటే టూలు పొడవుకు ఇచ్చిన సవరణ రద్దు. జి80 అంటే రంధ్రాలు వేసే చక్రం రద్దు. జి17, జి90లు ఏ తలంలో కోయాలో, కొలతలు ఎక్కడి నుండి లెక్కించాలో చెప్తాయి. మిషనుకు పాత ఆజ్ఞను పట్టుకొని ఉండే గుణం ఉంది. రంధ్రాలు వేసే పని నడుమలో ఆగిపోయి, ఆ ఆజ్ఞ రద్దు కాకుండా మిగిలితే, తరువాతివాడు టూలును ఊరకే ప్రక్కకు జరపబోయిన చోటల్లా అది రంధ్రం వేస్తుంది.

పాలు కాచే గిన్నె కడిగే ఉన్నా మన ఇంటి ఇల్లాలు పాలు పోసే ముందు మరొకసారి తొలుస్తుంది. ఈ మొదటి వరుస అటువంటిదే. ముందటి షిఫ్టువాడు మంచివాడే కావచ్చు, అయినా అతడు ఏమి వదలి వెళ్ళాడో నీకు తెలియదు.

ఒక చుక్క విలువ

రెండవ అలవాటు అంకె ప్రక్కన చుక్క. ప్రోగ్రామర్లు పది అని వ్రాసి ఊరుకోరు, పది ప్రక్కన దశాంశపు చుక్క పెడతారు. ఫానుక్ కంట్రోళ్ళలో, దాని బాటలో నడిచే మరి కొన్నిటిలో, చుక్క లేని అంకెను మిషను అతి చిన్న కొలతలో లెక్కించుకొనే ఏర్పాటు ఉంటుంది. అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చుక్క ఉంటే 10 మిల్లీమీటర్లు, చుక్క లేకపోతే 0.01 మిల్లీమీటరు. టేపుల కాలంలో చుక్క లేకుండానే అంకెలు వ్రాసేవారు, ఆ పద్ధతి అలాగే మిగిలిపోయింది.

దీనివల్ల ఏమి జరుగుతుందో చూడండి. పని ముగిసింది, టూలు జాబుకు 50 మిల్లీమీటర్లు పైకి లేవాలి. చుక్క మరచిపోయారు. టూలు జాబు పైభాగానికి 0.05 మిల్లీమీటరు ఎత్తులో, అనగా వెంట్రుక మందంలో ఆగుతుంది. తరువాతి వరుస “వేగంగా ప్రక్కకు జరుగు” అంటుంది. ఈ వేగం నిమిషానికి 20, 30 మీటర్లుంటుంది. దారిలో జాబును పట్టి ఉంచిన క్లాంపు ఎదురైతే టూలు విరుగుతుంది, ముక్కలు ఎగురుతాయి, స్పిండిల్ దెబ్బ తింటుంది. సాఫ్ట్‌వేరు ఇచ్చిన ప్రోగ్రాములో చుక్కలు సరిగానే ఉంటాయి. మిషను దగ్గర నిలబడి తొందరలో ఒక అంకె మార్చినప్పుడే చుక్క జారిపోతుంది. గనుక ప్రోగ్రామరు కన్ను పొలంలో కలుపు వెదికినట్లు చుక్కలను వెదకుతూ ఉంటుంది.

కొలత భాష తప్పడం కూడా ఇటువంటి ప్రమాదమే. జి20 అంటే అంగుళాలు, జి21 అంటే మిల్లీమీటర్లు. ఒకటి అనుకొని మరొకటి నడిపితే 25.4 రెట్లు తేడా. ఇది చిన్న షాపులవారికి మాత్రమే జరిగే పొరపాటని అనుకోవద్దు. 1999 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ అంగారక గ్రహానికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక ఇలాగే నష్టమైంది. ఒక బృందం లెక్కలు పౌండ్ల కొలతలో ఇచ్చింది, మరొక బృందం అవి న్యూటన్ల కొలతలో ఉన్నాయనుకున్నది. చదువులో వారికేమీ కొదువ లేదు. ఏ కొలతో అడిగి చూసుకొనే చిన్న అలవాటు ఆ ఒక్క చోట తప్పింది.

కాగితం ముక్క, గాలిలో కోత

టూలు మొన జాబుకు ఎక్కడ తగులుతుందో మిషనుకు చెప్పాలి. దానికి ఖరీదైన పరికరాలున్నాయి. అయినా చాలామంది జేబులో నుండి ఒక కాగితం ముక్క తీస్తారు. స్పిండిల్ ఆపి, కాగితాన్ని జాబు మీద పెట్టి, టూలును కొంచెం కొంచెం దించుతూ కాగితాన్ని ముందుకూ వెనుకకూ లాగి చూస్తారు. కాగితం పట్టినట్లు కాగానే ఆపి, కాగితం మందం లెక్కలో తీసివేస్తారు. మామూలు కాగితం సుమారు 0.1 మిల్లీమీటరు. వ్రేళ్ళ చివర తెలిసే ఆ చిన్న పట్టును నమ్మి లక్షల రూపాయల మిషను నడుస్తుంది.

తరువాతది ఆ తల్లి చూసిన గాలిలో సుత్తి. దీనిని డ్రై రన్ అంటారు. జాబుకు 100 మిల్లీమీటర్లు పైకి లెక్క జరిపి, ప్రోగ్రామంతా గాలిలోనే ఒకసారి నడిపిస్తారు. ఆ తరువాత సింగిల్ బ్లాక్ అనే మీట వేసి, ఒక్కొక్క వరుసకు ఒక్కొక్కసారి బటన్ నొక్కుతూ మొదటి కోతకు దిగుతారు. కుడి చెయ్యి పచ్చ బటన్ మీద, ఎడమ చేతి వేలు ఫీడ్ హోల్డ్ అనే ఆపు బటన్ మీద. ఆ సమయంలో పలకరించినా పలకరు.

కంప్యూటరు తెర మీద అంతా బొమ్మలాగా చూపిస్తుంది కదా, మరి గాలిలో ఎందుకు అని యజమానులు కూడా కొందరు అడుగుతారు. తెరకు మనం చెప్పినదే తెలుసు. వైసును బొమ్మలో పెట్టకపోతే అక్కడ వైసు ఉందని తెరకు తెలియదు. ఆపరేటరు క్లాంపును నాలుగు వ్రేళ్ళు ఇటు బిగించాడని తెలియదు. పొట్టి టూలుకు బదులు పొడవు టూలు ఎక్కించారని తెలియదు. ప్రోగ్రామరు కుర్చీలో నుండి లేచి వెళ్ళి మిషను లోపలికి తొంగి చూడడం ఇందుకే.

చెవికి కూడా పని ఉంది. బొబ్బిలి ప్రక్కన గొల్లపల్లిలో వీణ చేసేవారు 24 మెట్లను మైనం మీద చెవితో విని నిలుపుతారు. అలాగే మిషను శబ్దంలో కీచు మొదలైతే టూలు అరిగిందనో, పట్టు వదులైందనో మన బిడ్డకు గది బయట నుండే తెలుస్తుంది. పాటలు పెట్టుకోవద్దని మొదటి పీసు దగ్గర వారు ఇతరులను కసురుకోవడం గర్వం వల్ల కాదు.

నవ్వు పుట్టించే అలవాట్లు కూడా ఉన్నాయి. నిమిషానికొకసారి సేవ్ మీట నొక్కుతారు, గంట సేపు లెక్క కట్టిన దారి కరెంటు పోవడంతో పోయిన అనుభవం ఒక్కసారి చాలు గనుక. ఇక ఫైలు పేర్లు: ఫైనల్, ఫైనల్ రెండు, కొత్త ఫైనల్, అసలు ఫైనల్. ఇది నవ్వుకొని వదలివేయదగినది కాదు. రాత్రి షిఫ్టువాడు ఏ ఫైనల్ అసలైనదో తెలియక పాతది ఎక్కిస్తే నష్టం నిజమైనదే. పేరుతో పాటు తేదీ, మార్పు నంబరు వ్రాసి పాతదానిని వేరే చోట దాచేవాడు తోటివానికి మేలు చేసినవాడు.

కారణం మరచిన అలవాటు

ఇంతవరకు అలవాట్లను మెచ్చుకున్నాను. ఇప్పుడు వాటిలోని ప్రమాదం చెప్పాలి. గాలిలో నడిపే అలవాటునే తీసుకోండి. 100 పైకి అని వేయవలసిన చోట అలవాటుగా చెయ్యి కదిలి, ముందు మైనస్ గుర్తు పడితే, టూలు గాలిలోకి పోదు, నేరుగా జాబులోకి దిగుతుంది. క్షేమం కొరకు చేసిన పనే చేటు తెస్తుంది. ఎందుకు చేస్తున్నామో మనస్సులో ఉన్నవాడు గుర్తును చూస్తాడు. “మా సీనియరు ఇలాగే చేసేవాడు” అని మాత్రమే తెలిసినవాడు గుర్తును చూడడు.

రెండవ ప్రమాదం తొందర. కారణం తెలియని నియమాన్ని లోడు ఎక్కువైన దినాన మొట్టమొదట వదలివేస్తారు. తిరిగే స్పిండిల్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. చేతులు కాపాడే తొడుగు అక్కడ చేతికే శత్రువు, దాని అంచు పట్టుకుందంటే టూలు చేతిని లోపలికి లాగుతుంది. ఉంగరం, గడియారం, వ్రేలాడే చొక్కా చెయ్యి, మెడలో గొలుసు కూడా అంతే. సిలువ గొలుసు అయినా సరే, పనికి వెళ్ళేటప్పుడు తీసి ఇంట పెట్టమనండి. అందులో దోషమేమీ లేదు. చలికాలంలో చేతులు కొంకర్లు పోతున్నవని ఒక్కసారి తొడుగుతో దిగినవాడికి రెండవసారి వ్రేళ్ళు ఉండకపోవచ్చు.

కారణం లేని నమ్మకాలు కూడా ఈ పనిలో ఉన్నాయి. మంగళవారం క్రొత్త జాబు ఎక్కించనివారుంటారు. “ఈ మిషను నా మాటే వింటుంది” అనేవారుంటారు. ఈ రెండూ ఒకటి కావు. మిషనుకు వారం తెలియదు. కాని పాతబడిన ప్రతి మిషనుకు దాని అరుగుదల దానికి ఉంటుంది. రెండు మూడేండ్లు దానితో ఉన్నవాడికి ఏ ప్రక్క ఎంత సవరించాలో తెలుసు, గనుక అతని మాటలో కొంత నిజముంది. అయితే ఆ తెలిసినది అతని తలలోనే ఉండిపోతే అతడు సెలవు పెట్టిన దినాన షాపు ఆగిపోతుంది. మిషను ప్రక్కన చీటీ వ్రాసి అంటిస్తే అందరికీ ఉపయోగం.

దేనిని ఉంచుకోవాలి, దేనిని విడిచిపెట్టాలి అన్నదానికి ఒక ప్రశ్న చాలు: ఇది మానేస్తే ఏది పాడవుతుంది? టూలు, జాబు, వ్రేలు అని జవాబు వస్తే ఆ అలవాటును విడువవద్దు. జవాబు ఏమీ రాకపోతే అది భయమే గాని జాగ్రత్త కాదు.

దసరా ఆయుధపూజకు, సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు షాపులలో మిషన్లకు పసుపు కుంకుమలు పెడతారు. మేమేమి చేయాలండీ అని మన యౌవనస్థులు అడుగుతుంటారు. పూజలో పాలుపొందడానికి మనస్సాక్షి ఒప్పుకోనివారు ఆ మాట ముందుగానే యజమానికి మర్యాదగా చెప్పుకోవచ్చు. తోటివారి భక్తిని చులకన చేయడం మాత్రం తగదు. పూజకు ముందు దినాన మిషను అడుగున పేరుకున్న ఇనుప రజను తీసి, కూలెంట్ తొట్టె కడిగి, జారుబాటలు తుడిచి నూనె పెడతారు. ఆ పనిలో మన బిడ్డ అందరికంటే ముందుండాలి. నిజానికి మిషను ఏడాదంతా సరిగా నడవడానికి అక్కరకు వచ్చేది ఆ తుడుపే.

ఇంటివారు చేయగలిగినది

ఈ పనిలో అన్నిటికంటే చెడ్డ అలవాటు తగిలించి దాచడం. టూలు గట్టిగా గుద్దుకున్నది, పైకి ఏమీ కనబడలేదు. జీతంలో కోస్తారేమో, తిడతారేమో అని కుర్రవాడు టూలు మార్చి ఊరుకుంటాడు. లోపల స్పిండిల్ కొలత తప్పి ఉంటుంది. తరువాతి షిఫ్టువాడు ఎంత జాగ్రత్తగా చేసినా పీసులు తప్పుగా వస్తాయి, నింద అతని మీద పడుతుంది. తగిలించినవాడు చెప్పగలిగేటట్లు షాపును నడిపించడం యజమాని పని. చెప్పే ధైర్యం మాత్రం ఇంటి దగ్గరే మొదలు కావాలి. చిన్ననాడు కుండ పగలగొట్టి వచ్చి చెప్పిన బిడ్డను కొట్టితే, పెద్దయ్యాక మిషను పగిలినా చెప్పడు.

మరొక సంగతి ఫోను. ఆపు బటన్ మీద వేలు పెట్టి నిలబడిన క్షణంలో జేబులో ఫోను మ్రోగితే చూపు ఒక్క క్షణం ప్రక్కకు పోతుంది. ఆ క్షణంలో టూలు అర మీటరు వెళ్ళగలదు. కొడుకు ఫోను ఎత్తలేదని, కోడలు మాట్లాడనివ్వడం లేదని కన్నీరు పెట్టుకొనే తల్లులున్నారు. ముందు అతని షిఫ్టు ఎన్ని గంటలకో తెలుసుకొని గోడ మీది క్యాలెండరులో వ్రాసుకోండి. షిఫ్టు దిగిన తరువాతనే చేయండి. రాత్రి షిఫ్టు చేసినవాడిని పగలు పదకొండు గంటలకు లేపవద్దు. నిద్ర లేని కన్నుకు చుక్క కనబడదు.

ఈసారి పండుగకు వచ్చినప్పుడు అతడు తాళం మూడుసార్లు లాగితే నవ్వవద్దు. మిషను దగ్గర ఏమేమి చేస్తావు బాబూ, ఒక్కొక్కటి ఎందుకు చేస్తావు అని అడగండి. చెప్పడం మొదలుపెడితే అతనికి కూడా ఆ కారణాలు మరల గుర్తుకు వస్తాయి. ఆ మాటలు జరిగేటప్పుడు ఐ.టి.ఐ. చదివే తమ్ముడిని కూడా ప్రక్కన కూర్చోబెట్టండి. రేపు ఆమదాలవలస స్టేషనులో అదే రైలు అతడూ ఎక్కవలసి రావచ్చు.